ప్లాంక్టన్ సీసాలోంచి చేప గుడ్లను తేల్చి తీయవచ్చా?

శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్న ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది. భావనపాడు, కళింగపట్నం దగ్గర లాగిన ప్లాంక్టన్ (నీటితో పాటు కొట్టుకుపోయే సన్న జీవులు) వల శాంపిళ్ళు 40 సీసాలు ఉన్నాయట, అన్నీ కుళ్ళకుండా 5 శాతం ఫార్మలిన్ మందు నీళ్ళలో. ఒక్కో సీసాలోంచి చేప గుడ్లు, లార్వాలు (గుడ్డులోంచి వచ్చిన బుల్లి చేప పిల్లలు) మైక్రోస్కోపు కింద ఏరడానికి రెండు మూడు రోజులు పడుతోందట. "ఉప్పు నీళ్ళలోనో చక్కెర నీళ్ళలోనో వేస్తే గుడ్లు పైకి తేలి మిగతావి అడుక్కి పోతాయని విన్నాను. నిజమేనా? లుడాక్స్ కొనాలా? మార్చిలోగా పూర్తి చేయాలి, చాలా టెన్షన్‌గా ఉంది" అని రాశారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను చెల్లెమ్మా. సాంద్రతతో వేరు చేయవచ్చు. కానీ అది మీ పనిని తగ్గిస్తుంది, మీ కంటిని తప్పించదు. ఇసుక, గవ్వల పిల్లలు ఒక పక్కకీ, జెల్లీ సరుకు ఇంకో పక్కకీ పోతాయి. మధ్యలో మిగిలే చిన్న భాగంలోనే మీ గుడ్లు, లార్వాలు ఉంటాయి. దాన్ని మాత్రం చేత్తో ఏరుకోవాల్సిందే. గుడ్ల విషయంలో పద్ధతి బాగా పనిచేస్తుంది. లార్వాల విషయంలో అంత నమ్మకంగా చెప్పలేను, కారణం కింద రాస్తాను. వాడాల్సింది ఉప్పూ కాదు, చక్కెరా కాదు, కొల్లాయిడల్ సిలికా. లుడాక్స్ పేరుతో దొరికేది అదే. అయితే ఒక షరతు ఉంది: శాంపిల్‌లో ఉప్పు, ఫార్మలిన్ పూర్తిగా పోయేదాకా మంచినీళ్ళతో కడగకుండా అందులో వేయకండి.

నేను పూసపాటిరేగ వైపు వాణ్ణి. ఇరవై ఏళ్ళకు పైగా ప్లాంక్టన్ ఏరడమే నా ఉద్యోగం. కోనాడ, చింతపల్లి, ముక్కాం నుంచి కళింగపట్నం, బారువ దాకా ఫైబర్ బోట్ల మీద వల లాగినవాణ్ణి, లాగినదంతా కూర్చుని ఏరినవాణ్ణి. పుస్తకంలో ఉన్నది మీకు మీ మేడమ్ గారే చెప్తారు. నేను చేసి చూసినవి చెప్తాను.

సముద్రంలో తేలిన గుడ్డు సీసాలో ఎందుకు మునుగుతుంది?

చాలామంది ఇక్కడే పొరబడతారు. సముద్రపు చేపల్లో ఎక్కువ జాతుల గుడ్లు నీటిలో తేలేవే కాబట్టి, ఉప్పు నీళ్ళలో పోస్తే పైకి వచ్చేస్తాయని అనుకుంటారు. మీ సీసానే ఒకసారి చూడండి. గుడ్లన్నీ అడుగున పడి ఉంటాయి.

బతికిన గుడ్డు తేలడానికి కారణం దాని లోపలి నీరు. తల్లి చేప గుడ్డు పెట్టే ముందు ఆ గుడ్డు బాగా నీరు పట్టి ఉబ్బుతుంది. ఆ నీరు సముద్రపు నీటికన్నా తక్కువ ఉప్పదనం ఉన్నది, అందుకే తేలిక. గుడ్డు బతికి ఉన్నంతసేపూ దాని పొర బయటి ఉప్పును లోపలికి రానివ్వదు. చచ్చిన గుడ్డుకు ఆ కాపలా ఉండదు. ఉప్పు లోపలికి చేరుతుంది, గుడ్డు బరువెక్కి కిందకు దిగుతుంది. పండుగప్ప హేచరీల్లో మంచి గుడ్లను పైనుంచి తేర్చుకుని అడుగున పడినవి పారేసేది ఇందుకే. ఫార్మలిన్ పడిన గుడ్డు ఎలాగూ చచ్చిన గుడ్డే, పైగా లోపలి పచ్చసొన గట్టిపడి ఉంటుంది. కాబట్టి సముద్రంలో అది ఎంత తేలికగా ఉండేదన్న లెక్క సీసాలో పనికిరాదు.

మన తీరం సంగతి ఇంకొకటి ఉంది. 28 డిగ్రీల వేడిలో, ఉప్పదనం వెయ్యికి 34 పాళ్ళు ఉంటే సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.022. అదే ఉప్పదనం 25కి పడితే సుమారు 1.015. వంశధార, నాగావళి పోటెత్తాక అక్టోబరులో మన ఒడ్డు పక్కన పైనీరు బాగా చప్పబడుతుంది. ఆ చప్పనీటిలో బతికిన గుడ్డు కూడా తేలలేక కిందనున్న ఉప్పు నీటి దాకా దిగిపోవచ్చు. మీరు ఆ రోజుల్లో పైపైనే వల లాగి ఉంటే, సీసాలో గుడ్లు తక్కువున్నంత మాత్రాన చేపలు గుడ్లు పెట్టలేదని రాసేయకండి. అదే రోజు తీసిన ఉప్పదనం రీడింగు ఉంటే పక్కన పెట్టి చూడండి.

ఉప్పు, చక్కెర ఎందుకు వద్దంటున్నాను

తేల్చి వేరు చేయడం మనకు కొత్తదేమీ కాదు. విత్తనాల వడ్లను ఉప్పు నీళ్ళలో పోసి, తాలు తేలితే తీసేసి, మునిగిన గట్టి గింజను నారుకు ఉంచుకోవడం మన ఇళ్ళలో ఉన్నదే. ఆ ఉప్పు సరిపోయిందో లేదో కోడిగుడ్డు వేసి చూస్తారు. పశువుల ఆసుపత్రిలో పేడలో పురుగు గుడ్లు ఉన్నాయేమో చూసేది కూడా చిక్కటి ఉప్పు నీళ్ళలో తేల్చే. రొయ్యల హేచరీ వాళ్ళు ఆర్టీమియా గుడ్లను ముందు ఉప్పు నీటిలో తేల్చి ఇసుక వదిలిస్తారు, తర్వాత మంచినీటిలో వేసి, తేలిన డొల్లలను తీసేస్తారు. వడ్ల గింజకూ, పురుగు గుడ్డుకూ, ఆర్టీమియా గుడ్డుకూ పైన గట్టి పెంకు ఉంది. ఉప్పు అంత తొందరగా లోపలికి దూరదు.

చేప లార్వాకు ఆ పెంకు లేదు. చిక్కటి ఉప్పు నీళ్ళలో వేయగానే ఒంట్లో నీరు బయటకు లాగేస్తుంది, తర్వాత ఉప్పు మెల్లగా లోపలికి చేరుతుంది. రెండూ బరువు పెంచేవే. మొదటి నిమిషంలో తేలినది పదో నిమిషానికి మునుగుతుంది. చక్కెర నీళ్ళదీ అదే తీరు. నేను మొదట్లో చక్కెరతోనే చేశాను, చవక కాబట్టి. నౌపడా నుంచి ఉప్పు తెప్పించి ఉప్పు నీళ్ళతోనూ చేశాను. నెత్తళ్ళ లార్వాలు తెల్లదారం పోగుల్లా తిన్నగా ఉండేవి కాస్తా, ఎండిన కొత్తిమీర కాడల్లా వంకర్లు తిరిగి ముడుచుకుపోయాయి. తర్వాత వాటి పొడవు కొలవబోతే మిల్లీమీటరు స్కేలు మీద తిన్నగా ఒక్కటీ నిలబడలేదు. లార్వాల పొడవు మీకు అవసరమైతే ఈ ఒక్క కారణంతోనే చక్కెరను వదిలేయాలి. పైగా చీమలు. రాత్రి జల్లెడ కడగకుండా వెళ్తే పొద్దున్నకు బల్ల నిండా చీమలే.

కొల్లాయిడల్ సిలికా తీరు వేరు. అది నీళ్ళలో కరిగిన పదార్థం కాదు. పది, ఇరవై నానోమీటర్ల సిలికా రేణువులు నీళ్ళలో తేలుతూ ఉంటాయి. అంత రేణువు లార్వా ఒంట్లోకి దూరదు, ఒంట్లో నీటిని బయటకు లాగే బలమూ దానికి దాదాపు ఉండదు. నీటి సాంద్రత పెరుగుతుంది, లార్వా మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ప్లాంక్టన్‌కు దీన్ని వాడవచ్చని 1972లోనే అమెరికా వాళ్ళు ప్రచురించారు. సముద్రపు ఇసుకలోంచి సన్నపురుగులను తీసేవాళ్ళు ఇప్పటికీ దీన్నే వాడుతున్నారు.

నేను చేసిన తప్పు, మీరు చేయకండి

మొదటిసారి సిలికా సీసా వచ్చిన రోజు నాకు ఆగలేదు. ముక్కాం దగ్గర తెల్లవారుజామున లాగిన శాంపిల్ ఒకటి బల్ల మీద ఉంది. ఫార్మలిన్ వంపేసి, అడుగున మిగిలిన సరుకును నేరుగా సిలికాలో పోసి గాజు కడ్డీతో తిప్పాను. పాలలా కాస్త నీలంగా మెరుస్తున్న ద్రవం, చూస్తుండగానే తెల్లబడింది. కడ్డీ బరువెక్కింది. ఐదు నిమిషాల్లో జాడీలో ఉన్నదంతా గడ్డ పెరుగులా తోడుకుపోయింది. వంచితే జారదు. నీళ్ళు పోస్తే కరగదు. ఆ గడ్డలో అక్కడక్కడ లార్వాల కళ్ళు నల్లచుక్కల్లా కనిపిస్తున్నాయి, ఒక్కటీ బయటకు రాదు. ఆ రాత్రి బోటు, ఆ పోటు, ఆ చంద్రుడు మళ్ళీ రావు కదా. ఆ ఒక్క స్టేషన్ (వల లాగిన చోటు) ఖాళీ గడి ఇప్పటికీ నా పట్టికలో అలాగే ఉంది.

కారణం ఇది. ఈ సిలికా క్షార గుణం ఉన్నంతకాలమే ద్రవంగా ఉంటుంది. ఉప్పు తగిలినా, ఆమ్లం తగిలినా రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డ కడతాయి. సముద్రపు నీటిలో ఉప్పుంది. పాతబడిన ఫార్మలిన్‌లో ఫార్మిక్ ఆమ్లం పుడుతుంది. మీ సీసాలో రెండూ ఉన్నాయి. ఒకసారి తోడుకున్నది మళ్ళీ ద్రవం కాదు. కాబట్టి కడగడంలో తొందర వద్దు.

కడగడం, జల్లించడం

200 మైక్రాన్ల జల్లెడలో శాంపిల్ వంపండి. ఫార్మలిన్ ఘాటు పీల్చకూడదు, క్యాన్సర్ కారకం అది. ఫ్యూమ్ హుడ్ ఉంటే దాని కింద, లేకపోతే గాలి ఆడే వరండాలో, చేతులకు గ్లవ్స్ వేసుకుని చేయండి. వంపిన ఫార్మలిన్ పారబోయకండి, ఆ సీసాలోనే దాచండి. జల్లెడను మంచినీళ్ళ తొట్టిలో సగం మునిగేలా పెట్టి, మెల్లగా ఆడించండి. కుళాయి నీళ్ళు పైనుంచి ధారగా పోయవద్దు, లార్వాల తోకలు, రెక్కలు తెగుతాయి. ఆ నీళ్ళు మార్చి మళ్ళీ. నేను నాలుగుసార్లు మారుస్తాను, ఐదోది డిస్టిల్డ్ వాటర్. చివరి నీళ్ళు ఒక పరీక్ష గొట్టంలో తీసుకుని రెండు చుక్కలు సిలికా వేసి పది నిమిషాలు చూస్తాను. పల్చగానే ఉంటే సరే, కాస్త చిక్కబడినట్టు అనిపించినా మళ్ళీ కడగడమే. ఈ చిన్న పరీక్ష ఆ ముక్కాం శాంపిల్ పోయాక నేర్చుకున్నది.

కడిగేటప్పుడే సైజుల వారీగా జల్లించేయండి. ఇది సాంద్రత పనిలో సగం. మన దగ్గర దొరికే ఎక్కువ గుడ్లు అర మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర మిల్లీమీటరు లోపే ఉంటాయి. 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద పెద్ద జెల్లీలు, పెద్ద లార్వాలు, ఆకు చెత్త నిలుస్తాయి. వాటిని అక్కడికక్కడే కంటితో చూసి ఏరుకోవచ్చు. 500 మైక్రాన్ల మీద నిలిచేదే మీ అసలు సరుకు. దాన్ని దాటి పోయేదాంట్లో చిన్న కోపిపాడ్‌లు (రొయ్యల తరహా సన్న జీవులు), నాప్లియస్‌లు (అలాంటి వాటి తొలి దశ పిల్లలు) ఎక్కువ. నెత్తళ్ళ గుడ్లు మాత్రం కోడిగుడ్డులా కోలగా ఉంటాయి, నిలువునా పడితే జల్లెడ కన్నంలోంచి జారిపోతాయి. ఆ సన్న భాగాన్ని చూడకుండా పక్కన పెట్టేయకండి.

సైజు ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క చూడండి. నీటిలో మునిగే వేగం, వస్తువు అడ్డుకొలత వర్గాన్ని బట్టి ఉంటుంది. ఐదు రెట్లు చిన్నదైతే ఇరవై ఐదు రెట్లు నిదానం. నీటికన్నా 0.01 సాంద్రత ఎక్కువున్న 1 మిల్లీమీటరు గుడ్డు, 30 సెంటీమీటర్ల జాడీలో రెండు నిమిషాల్లోపు అడుక్కి చేరుతుంది. అంతే సాంద్రత తేడా ఉన్న 0.2 మిల్లీమీటర్ల పిల్లకు సుమారు 25 నిమిషాలు పడుతుంది. రెండింటినీ కలిపి వేసి పది నిమిషాలకు తీస్తే, మీరు వేరు చేసింది సాంద్రతను బట్టి కాదు, సైజును బట్టి. చాలామంది "పద్ధతి పనిచేయలేదు" అనేది ఇలా చేసే.

సిలికా కలుపుకోవడం

సీసా మీద సాంద్రత రాసి ఉంటుంది. 30 శాతం రకమైతే సుమారు 1.21, 40 శాతం రకమైతే 1.30, 50 శాతం రకమైతే 1.40. మీకు కావలసిన సాంద్రతలోంచి 1 తీసేయండి. సీసా సాంద్రతలోంచి 1 తీసేయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే, లీటరుకు ఎంత సిలికా పోయాలో వస్తుంది. 1.21 రకంతో 1.05 కావాలంటే 0.05ను 0.21తో భాగించాలి: లీటరుకు సుమారు 240 మిల్లీలీటర్ల సిలికా, మిగతాది డిస్టిల్డ్ వాటర్. సముద్రపు నీటితో కలపకండి, ఎందుకో పైన చెప్పాను.

కలిపాక కొలవాలి. సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ లేదని ఆగిపోకండి. 1.04 లోపు అయితే పాల కేంద్రంలో వాడే లాక్టోమీటరే సరిపోతుంది, అందులో 28 అంటే 1.028 అని. ఆ పైన అయితే 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కు ఖాళీగా తూచి, నింపి తూచండి, తేడాను 100తో భాగించండి. నాకు ఇదే ఎక్కువ నమ్మకం. ఏది వాడినా వెంటనే కడిగేయండి. ఆరితే గాజు మీద గాజు పొరలా అంటుకుంటుంది, గీకినా రాదు.

ఎంత సాంద్రత దగ్గర వేరు చేయాలి?

అందరూ నన్ను అడిగే అంకె ఇదే. నేను ఇవ్వను, ఇస్తే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. గుడ్డు ఏ జాతిదో, ఏ దశలో ఉందో, ఫార్మలిన్‌లో ఎన్ని నెలలున్నదో, ఎన్నిసార్లు కడిగారో, వీటిని బట్టి అంకె మారుతుంది. చలి సముద్రాల్లో కోపిపాడ్‌లు పెద్దవి, ఒంట్లో నూనె సంచులు ఉంటాయి, అవి తేలిగ్గా ఉంటాయి. మన వేడి నీళ్ళ కోపిపాడ్‌లు చిన్నవి, బక్కవి. వాళ్ళ పేపర్లోని అంకె ఇక్కడ పెడితే సగం సరుకు తప్పు పక్కకు పోతుంది.

మీ అంకె మీరే కనుక్కోండి, ఒక పూట పని. 1.03 నుంచి 1.12 దాకా 0.01 తేడాతో పది చిన్న గాజు గొట్టాలు వరసగా పెట్టండి. మీరు ఇప్పటికే చేత్తో ఏరిన గుడ్లు ఇరవై, లార్వాలు ఇరవై, కోపిపాడ్‌లు ఇరవై, బాణం పురుగులు (బాణంలా సన్నగా, తేటగా ఉండే ప్లాంక్టన్ పురుగులు) పది తీసుకోండి. ముందు గుడ్లను 1.03లో వేయండి. పావుగంట తర్వాత ఎన్ని తేలాయో, ఎన్ని మునిగాయో రాసుకోండి. మునిగిన వాటిని తీసి 1.04లో వేయండి. అలా పైకి. మిగతా వాటితోనూ అంతే. చివరికి ఒక కాగితం మీద నాలుగు గీతలు వస్తాయి.

నేను చేసినప్పుడల్లా గుడ్ల గీత ఇరుగ్గా వచ్చింది. ఒకే జాతి, ఒకే దశ గుడ్లన్నీ దాదాపు ఒకే చోట తేలతాయి. జాడీలో చూస్తే సగ్గుబియ్యం గింజలు వరస కట్టినట్టు ఒక తెల్లని పొర నిలుస్తుంది. దీపం వెనక పెట్టి చూస్తే ఆ పొర స్పష్టంగా కనిపిస్తుంది. అది కనబడిన రోజు మీ బడలిక అంతా తీరిపోతుంది. లార్వాల గీత మాత్రం వెడల్పుగా పరుచుకుంటుంది. సొన ఇంకా మిగిలిన లార్వా ఒక బరువు, సొన అయిపోయినది ఒక బరువు, పొట్ట నిండా తిన్నది ఇంకో బరువు. గాలి తిత్తిలో బుడగ మిగిలిపోయినదైతే పైకే ఎగురుతుంది. అందుకే వాటి గీత కోపిపాడ్‌ల గీత మీదకు ఎక్కుతుంది. ముందే లార్వాల మీద నమ్మకం తక్కువన్నది ఇందుకే.

రెండు స్నానాల పద్ధతి

సెంట్రిఫ్యూజ్‌లో మెట్లు మెట్లుగా చేసే పద్ధతి ఉంది, పరికరం ఉంటే మంచిదే. లేనివాళ్ళకు నేను చెప్పేది ఇది. మొదటి స్నానం బరువైన ద్రవంలో. మీ కాగితం మీద అన్ని గీతలకూ పైన ఉండే అంకె తీసుకోండి. ఇసుక, గవ్వల పిల్లలు, ఒండ్రు మునుగుతాయి, మెత్తని సరుకంతా తేలుతుంది. వంశధార మొగ దగ్గర వరద రోజుల శాంపిళ్ళకు ఈ ఒక్క స్నానమే వరం. సగం సీసా ఒండ్రే ఉంటుంది కదా. రెండో స్నానం తేలికైన ద్రవంలో, గుడ్ల గీతకు కాస్త కింద. జెల్లీ ముక్కలు, సాల్ప్‌లు (జెల్లీ లాంటి తేట జీవులు), బాణం పురుగులు చాలావరకు తేలిపోతాయి. అడుగున మిగిలినదే మీరు ఏరాల్సినది.

చేసేటప్పుడు మూడు జాగ్రత్తలు. ఒకటి, ఒక్కసారికి ఎక్కువ వేయకండి. లీటరు జాడీకి అరచెంచా సరుకు చాలు. ఎక్కువైతే కోపిపాడ్‌ల కొమ్ములు ఒకదానికొకటి చిక్కుకుని ముద్దగా మునుగుతాయి, గుడ్లనూ పట్టుకుపోతాయి. రెండు, గాలి బుడగలు. కడిగిన సరుకును సిలికాలో వేసి మెల్లగా తిప్పి పది నిమిషాలు వదిలేసి మళ్ళీ తిప్పండి. బుడగ అంటుకున్న రొయ్య పిల్ల కూడా తేలుతుంది, మోసపోతారు. మూడు, కుళాయి ఉన్న గాజు గరాటు వాడితే గుడ్లు బాగానే దిగుతాయి, లార్వాలు కుళాయి కన్నంలో నలుగుతాయి. నేను రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి, తలకిందులుగా స్టాండుకు కట్టి, మూతి దగ్గర వెడల్పాటి సిలికాన్ గొట్టం పెట్టి క్లిప్పు వేస్తాను. గొట్టం మెత్తగా తెరుచుకుంటుంది, లార్వా తోక తెగదు.

తీసిన వెంటనే మంచినీళ్ళతో మళ్ళీ బాగా కడగండి, మొదట కడిగినంత శ్రద్ధగా. సిలికా తడి మిగిలి ఉండగా తిరిగి ఫార్మలిన్‌లో వేస్తే, లార్వా ఒంటి మీదే గడ్డ కడుతుంది. తర్వాత ముఖం మీద ముళ్ళు లెక్కపెట్టాలంటే ఏమీ కనిపించదు. తిరిగి వేసే ఫార్మలిన్‌లో బోరాక్స్ కొద్దిగా వేసి ఉంచండి, లేకపోతే లార్వాల చెవిరాళ్ళు (చెవి లోపలి సున్నపు రాళ్ళు) కరిగిపోతాయి. వాడిన సిలికాను సన్నని బట్టలో వడకట్టి మళ్ళీ వాడుకోవచ్చు, ప్రతిసారీ సాంద్రత కొలుచుకుని. సింకులో మాత్రం పోయకండి, పైపులోనే గడ్డ కడుతుంది.

పారేసే భాగాన్ని చూడండి

ఇది మీరు తప్పకుండా చేయాలని కోరుతున్నాను. మొదటి ఐదు సీసాలకు తేలిన భాగం, మునిగిన భాగం, రెండూ పూర్తిగా మైక్రోస్కోపు కింద చూడండి. అందులో ఎన్ని గుడ్లు, ఎన్ని లార్వాలు తప్పిపోయాయో లెక్కపెట్టి రాయండి. లార్వాలు కనిపెట్టడం కష్టంగా ఉంటే రోజ్ బెంగాల్ రంగు కొద్దిగా వేసి ఒక రాత్రి ఉంచండి, గులాబీ రంగులో కనిపిస్తాయి. ఇంకో పరీక్ష కూడా ఉంది. గుడ్లు అసలు లేని ఒక సీసాలో మీరే 50 గుడ్లు, 50 లార్వాలు లెక్కపెట్టి కలిపి, మొత్తం పద్ధతి నడిపి, ఎన్ని తిరిగి వచ్చాయో చూడండి. నేను చేసినప్పుడు గుడ్లు ఒకటీ అరా తప్ప వచ్చేశాయి, లార్వాలు అలా రాలేదు, ముఖ్యంగా సన్నటి నెత్తళ్ళవి, కవళ్ళవి. అప్పటినుంచీ లార్వాలు లెక్కలోకి వచ్చే పనికి తేలిన భాగాన్ని కూడా చూసే అలవాటు చేసుకున్నాను.

మీ థీసిస్‌లో ఆ లెక్కను దాచకుండా రాయండి. పరీక్షకులు అడిగే మొదటి ప్రశ్న అదే ఉంటుంది.

ఏరేటప్పుడు కొత్తవాళ్ళు గుడ్డు అనుకుని నాక్టిల్యూకా అనే ఏకకణ జీవిని తీసేస్తుంటారు. అదీ గుండ్రంగా, తేటగా, ఒక్కోసారి ఒక మిల్లీమీటరు దాకా ఉంటుంది. తేడా ఏమిటంటే దానికి ఒక పక్క నొక్కు ఉంటుంది, చిన్న తోకలాంటిది ఉంటుంది. లోపల సొన ఉండదు. సూదితో తాకితే నలిగిపోతుంది. చేప గుడ్డు పెంకు ఫార్మలిన్‌లో గట్టిపడి దొర్లిపోతుంది. కవళ్ళ గుడ్డులో పెంకుకూ సొనకూ మధ్య ఖాళీ ఎక్కువ, సొన గడులు గడులుగా కనిపిస్తుంది. ఇవి రెండు రోజుల్లో చేతికి వచ్చేస్తాయి.

అసలు మీ 40 సీసాలకు ఇది అవసరమా?

అన్నింటికీ అక్కర్లేదు. సీసాలన్నీ బల్ల మీద పెట్టి అడుగున ఎంత సరుకు ఉందో చూడండి. వేలెడు లోపు ఉన్నవాటిని చేత్తోనే ఏరేయండి. కడగడం, కలపడం, మళ్ళీ కడగడం అయ్యేసరికి అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. జెల్లీ, ఒండ్రు నిండిన సీసాలకు, కోపిపాడ్‌లు గుప్పెడు పడిన సీసాలకు మాత్రమే సిలికా వాడండి. మీరు చెప్పిన దాన్ని బట్టి అవి పది, పదిహేను ఉండొచ్చు. రెండు రోజులు అంకెలు కుదుర్చుకోవడానికి, ఆ తర్వాత రోజుకు రెండు మూడు సీసాలు. మార్చిలోగా అయిపోతుంది.

కొందరు మీకు ఇంకో సలహా ఇస్తారు: శాంపిల్‌ను సమ భాగాలు చేసే ఫోల్సమ్ స్ప్లిట్టర్ అనే పరికరంతో ఎనిమిదో వంతు చేసి, అది మాత్రం లెక్కపెట్టి ఎనిమిదితో గుణించమని. కోపిపాడ్‌లకు అది సరే. చేప లార్వాలు ఒక్కో సీసాలో పదో పన్నెండో ఉంటాయి. ఎనిమిదో వంతులో ఒకటి పడితే ఎనిమిది, పడకపోతే సున్నా. అరుదైన వాటికి అది పనికిరాదు. 1960 నుంచి 65 దాకా హిందూ మహాసముద్రం అంతా తిరిగి తెచ్చిన ప్లాంక్టన్‌ను కొచ్చిలో మనవాళ్ళు కూర్చుని చేత్తోనే ఏరారు. ఆ ఓపిక మీద నిలబడిన లెక్కలనే ఇప్పటికీ చూస్తున్నాం. చేప గుడ్ల లెక్క తప్పకూడదని నేనింత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో వేట ఆపుతారు. ఆ రోజుల్లో మత్స్యకారుల ఇళ్ళలో పొయ్యి ఎలా వెలుగుతుందో మీకు తెలుసు. ఆ రోజులు సరిగ్గా చేపలు గుడ్లు పెట్టే రోజులేనా, మన నెత్తళ్ళకు, కానాగడతలకు వేరే నెలలున్నాయా అన్నది చెప్పగలిగేది మీ సీసాల్లాంటివే.

ఇంకొక్క మాట, ఆల్కహాల్ సీసాలు. డీఎన్ఏ కోసం కొన్ని శాంపిళ్ళు ఆల్కహాల్‌లో పెట్టి ఉంటే వాటిని ఈ పద్ధతిలోకి తేవద్దు. ఆల్కహాల్ తగిలినా సిలికా గడ్డ కడుతుంది, పైగా ఆల్కహాల్ పట్టిన ఒంటి సాంద్రత పూర్తిగా వేరు. మీ ఫార్మలిన్ అంకెలు వాటికి సరిపోవు. వాటిని చేత్తోనే ఏరండి. ప్రతి జాడీ పక్కన పెన్సిల్‌తో రాసిన చీటీ ఉంచండి, స్టేషన్, తేదీ, ఏ సాంద్రతలో తేలిన భాగమో. పెన్ను సిరా ఫార్మలిన్‌లో కరిగిపోతుంది. మొదటి జాడీ పెట్టాక గుడ్ల పొర ఏ అంకె దగ్గర నిలిచిందో ఇక్కడ రాయండి చెల్లెమ్మా, నా చింతపల్లి అంకెలు పక్కన పెట్టి చూస్తాను.